వార్డెన్ సంతకం మా సమ్మతి కాదు



టీకా మాట ఎత్తితే మన ఏజెన్సీలో రెండే మాటలు వినిపిస్తయ్. ఒకటి మన ఫోన్లలో తిరిగేది: "టీకాలు వేసి మన ఆడపిల్లలకు పిల్లలు పుట్టకుండా చేస్తున్నరు, సూది దగ్గరికి పోవద్దు." రెండోది ఆఫీసుల్లో, టీవీ చర్చల్లో వినిపించేది: "ఆదివాసులకు అవగాహన లేదు, మూఢనమ్మకాలు ఎక్కువ, చెప్తే వినరు."

మొదటి మాట అబద్ధం. రెండోది అంతకంటే పెద్ద అబద్ధం. మన భయం అడవిలో పుట్టలేదు. ఒక ప్రాజెక్టు ఫైల్లో పుట్టింది. ఆ ఫైలు పార్లమెంటు దాకా పోయింది.

ఇప్పుడే ఈ సంగతి ఎందుకంటే, కొత్త తరం టీకాలు వస్తున్నయ్. వాటిలో మలేరియా టీకా ఉంది. మలేరియా ఎక్కడుంటే దాని మీద ప్రయోగం అక్కడికే వస్తది. అంటే మన గూడేలకే. అది వచ్చేలోపు మనం రెండు సంగతులు తెలుసుకొని ఉండాలె. ఆ సీసాలో ఏముంది? ఆ సూది ముందు మన హక్కు ఏంది?

సీసాలో ఏముంది?

పాత పద్ధతి టీకాల్లో చాలావాటిలో రోగం తెచ్చే క్రిమినే చంపో, బలం తగ్గించో వాడతారు. కొత్త పద్ధతిలో క్రిమి మొత్తం అక్కర్లేదు. దాని ఒంటి మీద ఉండే ప్రోటీన్ ముక్క ఒక్కటి చాలు. కానీ ఒంటరి ముక్కను పంపిస్తే మన ఒంట్లో కాపలా కాసే కణాలు అంతగా పట్టించుకోవు. వాటికి అలవాటైన శత్రువు ఆకారం వేరు. గుండ్రంగా, ఒంటి నిండా ఒకే రకం ముళ్లు వరసగా పేర్చినట్టు ఉంటది. అందుకే శాస్త్రవేత్తలు ఆ ముక్కల్ని ఒక చిన్న బంతి చుట్టూ అమరుస్తారు. తుమ్మపువ్వు చూశారు కదా, గుండ్రటి మొగ్గ చుట్టూ పసుపు కేసరాలు. అచ్చం అట్లా. ఆ బంతినే ప్రోటీన్ నానో కణం అంటారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. ఈ బంతులు కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే ఉంటయ్.

ఇదేదో నిన్నమొన్నటి మాయ కాదు. హెపటైటిస్-బి టీకాలో ఉండేది ఇలాంటి బంతే, 22 నానోమీటర్లది. ఈస్ట్ కణాల్లో ఆ ప్రోటీన్ తయారుచేస్తే అది తనంతట తానే బంతిగా చుట్టుకుంటది. 1986 నుంచి ప్రపంచం వాడుతోంది. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దాన్ని దేశంలో మొదటిసారి తయారుచేసి, విదేశీ కంపెనీల ధరల్ని నేలకు దించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా కూడా ఇదే జాతి. ఎల్1 అనే ప్రోటీన్లు 360 కలిసి వైరస్ లాంటి బంతి అయితయ్. చూడ్డానికి వైరస్. లోపల వైరస్ జన్యువులు ఉండవు. కాబట్టి అది రోగం తేలేదు.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు పడింది. ప్రకృతిలో లేని బంతిని కంప్యూటర్ మీదే గీసి, అలాగే తయారుచేస్తున్నరు. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది ఇలా కొత్త ప్రోటీన్లను డిజైన్ చేసినందుకే. అక్కడే నీల్ కింగ్ బృందం గీసిన బంతి మీద కోవిడ్ వైరస్ ప్రోటీన్ ముక్కలు 60 అమర్చారు. ఆ టీకాకు దక్షిణ కొరియా 2022 జూన్‌లో అనుమతి ఇచ్చింది. పేరు స్కైకోవియోన్.

నేను దీన్ని మెచ్చుకునే చెప్తున్నా. చదువుకున్న ఆదివాసీ పిల్లలు ఈ సైన్సు నేర్చుకోవాలె, ఆ ల్యాబుల్లో కూర్చోవాలె. నా కోపం బంతి మీద కాదు. ఆ బంతిని ఎవరి ఒంటి మీద, ఎవర్ని అడిగి పరీక్షిస్తున్నరన్నదాని మీద.

2009, ఖమ్మం జిల్లా

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు ఎంచుకున్నరు: భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి అంటే ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు పెట్టినయ్. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇదే పని వేరే కంపెనీ టీకాతో చేశారు. మన దగ్గర వాడింది మెర్క్ కంపెనీ గార్డసిల్. మూడు డోసుల టీకా.

ఆ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివేవాళ్లు. అమ్మానాన్నలు ఊర్లో, కూలికో పోడుకో పోయినవాళ్లు. మరి పిల్లకు సూది వేయాలంటే ఎవర్ని అడగాలె? చట్టం చూసినా, న్యాయం చూసినా అమ్మానాన్నల్ని. సంతకం పెట్టింది ఎవరు? వార్డెన్లు, హెడ్మాస్టర్లు. వాళ్లు పెట్టొచ్చని ప్రభుత్వమే రాసి ఇచ్చింది.

2010 మార్చిలో మహిళా సంఘాలు భద్రాచలం వచ్చి పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కలిసినంక విషయం బయటపడింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్త దేశమంతా పాకింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలె, మనకు అనుకూలంగా ఉన్నా లేకున్నా. కేంద్రం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని తేల్చింది. నీళ్లలో మునిగిన అమ్మాయి ఉంది, పాము కరిచిన అమ్మాయి ఉంది, పురుగుమందు తాగిన అమ్మాయిలున్నరు. "టీకా వల్లే చచ్చిపోయారు" అని మనం ఫార్వర్డ్ చేస్తే అది అబద్ధానికి భుజం పట్టడమే. కానీ అదే విచారణ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలున్నయని చెప్పింది. 2013 ఆగస్టు 30న పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇంకా గట్టిగా చెప్పింది. మరణాల మీద విచారణ సరిగా జరగలేదని తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం చేసినవి. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. చదవడం రాని తల్లి వేలిముద్ర వేసిన కాగితంలో ఏం రాసి ఉందో ఆమెకు ఎవరు చదివి చెప్పారు? ఆమె ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పారా?

పాత్ సంస్థ తన మీద వచ్చిన ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ 2,763 సంతకాలు ఎవరి ఊహా కాదు, కాగితం మీద ఉన్నయ్.

పేరు మారిస్తే పని మారుతదా?

ఈ ప్రాజెక్టును నడిపినవాళ్లు దీన్ని "ప్రయోగం" అనలేదు. "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నరు, "పరిశీలన అధ్యయనం" అన్నరు. ప్రయోగం అంటే నిబంధనలు వర్తిస్తయ్. బీమా ఉండాలె, ఏదైనా జరిగితే చూసుకునే ఏర్పాటు ఉండాలె, ప్రతి చెడు ఫలితాన్నీ రాసి పంపాలె. ప్రదర్శన అంటే అవేమీ అక్కర్లేదు. పార్లమెంటు సంఘం ఈ మాటల గారడీని ఒప్పుకోలేదు. ఇది నిజానికి ప్రయోగమేనని, దానికి ఉండాల్సిన జాగ్రత్తలు ఎగ్గొట్టారని చెప్పింది.

మనకు ఈ గారడీ కొత్త కాదు. మన భూమి పోతే "అభివృద్ధి" అన్నరు. ఊరు మునిగితే "పునరావాసం" అన్నరు. మన ఆడపిల్లల చేతికి సూది గుచ్చితే "ప్రదర్శన" అన్నరు. పేరు ఎప్పుడూ వాళ్లదే, ఒళ్లు ఎప్పుడూ మనదే.

నష్టపోయింది ఎవరు?

ఇక్కడ మన యువత ఆగి ఆలోచించాలె. ఆ దొంగ సంతకాలతో గెలిచింది ఎవరు? ఎవరూ గెలవలేదు. కంపెనీ గెలవలేదు, సైన్సు గెలవలేదు. అందరికంటే ఎక్కువ ఓడిపోయింది మన ఆడోళ్లే.

2020 అంచనా ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో లక్షా 23 వేల మందికి పైగా ఆడోళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. 77 వేల మందికి పైగా చనిపోయారు. ఈ క్యాన్సర్ ముందుగా కనిపెడితే నయమైతది. కానీ ముందుగా కనిపెట్టాలంటే పరీక్ష చేసే డాక్టరమ్మ దగ్గర్లో ఉండాలె. రోడ్డు లేక డోలీ మోసే ఊర్లో ఆ పరీక్ష ఎక్కడ? అంటే ఈ టీకా ఎవరికన్నా ఎక్కువ అవసరం ఉంటే అది మన ఆడపిల్లలకే. అడగకుండా వేసిన పాపానికి, అడిగి వేయాల్సిన టీకా మీద కూడా ఏళ్ల తరబడి అనుమానం పడింది. ఇవాళ ఒక కోయ తల్లి "నా బిడ్డకు వద్దు" అంటే అది మూఢనమ్మకం కాదు. అది జ్ఞాపకం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అప్పుడే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో వేరే చోట్ల ఇంకో అధ్యయనం చేస్తోంది, ఈ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని. ఖమ్మం గొడవతో 2010లో అది కూడా మధ్యలో ఆగింది. దాంతో అందులో దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వాళ్లను ఏళ్ల పాటు గమనిస్తే, క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసే 95 శాతం రక్షణ ఇచ్చిందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని కూడా ఒప్పుకుంది. మూడు సూదుల ఖర్చు పెట్టలేని పేద దేశాలకు అది ఎంత పెద్ద మేలో ఆలోచించండి.

అంటే భద్రాచలం గూడేల్లో లేచిన ప్రశ్న ఎక్కడెక్కడో తిరిగి, ప్రపంచానికి ఒక మేలుగా మారింది. మరి ఖమ్మం జిల్లాలో సూది వేయించుకున్న ఆ 14 వేల మంది? అప్పుడు పదేళ్లు, పద్నాలుగేళ్లు. ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు, చాలామంది తల్లులు. నీకు ఎన్ని డోసులు పడ్డయ్, దాని అర్థం ఏంటి, ఇప్పుడు నువ్వు ఏ పరీక్ష చేయించుకోవాలె అని వాళ్ల గుమ్మం ముందు నిలబడి చెప్పాల్సిన బాకీ ఎవరిది?

రేపు వచ్చేది మలేరియా టీకా

జనాభాలో మనం 8.6 శాతం. దేశంలో మలేరియా కేసుల్లో 30 శాతం మనవి. ఆశా అక్క కిట్టు చూసి "పీఎఫ్" అంటుంది కదా, ఆ ప్రాణం తీసే ఫాల్సిపారం రకంలో 60 శాతం మనవి. మలేరియా చావుల్లో సగం మనవి. ఈ లెక్కలు 2018లో కేంద్రానికి అందిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ నివేదికలోవి.

ఫాల్సిపారం మీద ఇప్పుడు ప్రపంచంలో రెండు టీకాలున్నయ్. ఆర్‌టీఎస్‌ఎస్‌కు 2021లో, ఆర్21కు 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు దొరికింది. రెండూ ప్రోటీన్ కణాలే. హెపటైటిస్-బి బంతి చెప్పాను కదా, దాని మీదే మలేరియా క్రిమి ప్రోటీన్ ముక్క అతికించారు. ఆర్21ను ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తయారుచేస్తే, ఉత్పత్తి చేసేది మన పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్. ఒక డోసు నాలుగు డాలర్ల లోపే. బుర్కినా ఫాసో, మాలి, కెన్యా, టాంజానియాల్లో 4,800 మంది పిల్లల మీద పరీక్షించారు. 2024 నుంచి ఆఫ్రికా పిల్లలకు వేస్తున్నరు.

ఆర్21లో టీకా బలం పెంచడానికి కలిపే మందు ఒకటుంది, మ్యాట్రిక్స్-ఎం. అది చిలీ దేశంలో పెరిగే కిలాయ్ చెట్టు బెరడు నుంచి వస్తది. అక్కడి మపూచే ఆదివాసులు ఆ బెరడును సబ్బులా వాడుకునేవాళ్లు. మన కుంకుడుకాయకు నురగ తెప్పించే సాపోనిన్ల జాతి పదార్థమే అందులోనూ ఉంది. చూశారా? ఆదివాసులు ఏనాడో ఎరిగిన చెట్టు సీసాలో ఉంటది. ఆదివాసీ పిల్ల సూది కింద ఉంటది. నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర మాత్రం ఆదివాసీ కుర్చీ ఉండదు.

మన దేశం 2030కల్లా మలేరియా లేకుండా చేస్తామని లక్ష్యం పెట్టుకుంది. 2025లో ఐసీఎంఆర్ తాను సొంతంగా తయారుచేసిన ఫాల్సిపారం టీకా, ఆడ్‌ఫాల్సివ్యాక్స్, గురించి ప్రకటించి, తయారీకి కంపెనీలను పిలిచింది. మన దేశం సొంత టీకా చేసుకోవడం మంచిదే. కానీ దాన్ని ఎక్కడ పరీక్షిస్తరు? బంజారాహిల్స్‌లోనా? ఫాల్సిపారం ఉన్నచోటే పరీక్షించాలె. అంటే ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ అడవులు, మన పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీలు. అందుకే అంటున్నా, ప్రశ్న మన గుమ్మం ముందుకు వచ్చి నిలబడబోతోంది.

ఇంకోటి అడగాలె. ఈ టీకాలన్నీ ఫాల్సిపారం మీదే. "పీవీ" అనే వైవాక్స్ రకం కాలేయంలో దాక్కొని మళ్లీ మళ్లీ జ్వరం తెస్తది. దాని మీద ఇవి పనిచేయవు. టీకా వచ్చింది కదా అని దోమతెరలు ఆపేస్తే, మందు చల్లడం ఆపేస్తే, సబ్ సెంటర్లో నర్సు పోస్టు ఖాళీగా ఉంచితే, దాని ఖరీదు మనమే కడతం. టీకా కావాలె. టీకా పేరు చెప్పి మిగతావి ఎగ్గొట్టడం కుదరదు.

"అడుగుతూ కూర్చుంటే ఆలస్యం అయితది"

ఈ మాట చాలా సార్లు వింటం. "రోగం ఆగదు కదా, ఊరూరూ తిరిగి ఒప్పించేలోపు పిల్లలు చచ్చిపోరా?" అంటరు. మంచి ప్రశ్నే. జవాబు ఖమ్మం చెప్పింది. అడగకుండా తొందరపడితే ఏళ్లు పోయినయ్. జవాబు సిక్కిం కూడా చెప్పింది. ఆ కొండ రాష్ట్రం 2018లో హెచ్‌పీవీ టీకా వేసే ముందు ఊరికీ బడికీ పోయి తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడింది. 95 శాతం పైగా ఆడపిల్లలు వేయించుకున్నరు. అడిగితే మనుషులు కాదనరు. మోసపోయామనుకుంటేనే కాదంటరు.

ఆ డిజైన్ చేసే సార్లను అడుగుతున్నా. ఒక్కో అణువు ఎక్కడ కూర్చోవాలో కంప్యూటర్ ముందు నెలల తరబడి లెక్క కట్టే ఓపిక మీకు ఉంది. ఆ సూది వేయించుకునే పిల్ల తల్లితో ఒక్క పూట కూర్చొని మాట్లాడే ఓపిక మీ వ్యవస్థకు ఎందుకు లేదు?

మనం అడిగేది ఇది

ఒకటి. ఆశ్రమ పాఠశాల, గురుకులం, హాస్టల్ పిల్లల మీద ఏ ప్రయోగానికైనా వార్డెన్, హెడ్మాస్టర్, ప్రిన్సిపాల్ సంతకం చెల్లదు. అమ్మానాన్నల సమ్మతి కావాలె. అర్థం చేసుకునే వయసు వచ్చిన పిల్లలైతే వాళ్లు కూడా ఒప్పుకోవాలె. ఇది మేం కొత్తగా కోరేది కాదు. 2019 క్లినికల్ ప్రయోగాల నిబంధనల్లో ఉన్నదే. అమలు చేయమంటున్నం.

రెండు. చెప్పేది కోయలో, గోండిలో, కువిలో, సవరలో చెప్పాలె. చదవడం రానివాళ్లకు రికార్డు చేసి వినిపించాలె. "వద్దు" అన్న తల్లికి రేషన్ ఆపుతమని, పిల్ల సీటు తీసేస్తమని బెదిరిస్తే అది సమ్మతి కాదు, నేరం.

మూడు. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తది. భూమికి ఉన్న మర్యాద మన ఒంటికి లేదా? ఏజెన్సీలో ఏ టీకా ప్రయోగమైనా ముందు గ్రామసభలో వివరించాలె. అయితే సభ ఒప్పుకున్నంత మాత్రాన ఏ ఒక్క తల్లి ఇష్టమూ తీసేసినట్టు కాదు.

నాలుగు. "ప్రదర్శన", "పైలట్", "పరిశీలన" ఏ పేరు పెట్టినా, కొత్త పద్ధతిలో మన పిల్లలకు సూది వేసి లెక్కలు రాసుకుంటే అది ప్రయోగమే. బీమా, వైద్యం, నష్టపరిహారం ముందే రాసి ఇవ్వాలె.

ఐదు. ఫలితం తిరిగి ఊరికి రావాలె. మన పిల్లల మీద పరీక్షించిన టీకా పాసైతే మొదట మన ఊళ్లకే ఉచితంగా రావాలె. మన రక్తంతో తేలిన లెక్క మనకు అందని ధరకు అమ్ముడుపోవడానికి ఒప్పుకోం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకో మాట. డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ చదువుతున్నోళ్లు మనలో వందలమంది ఉన్నరు. రేపు ఊర్లో సమ్మతి పత్రం వచ్చిన రోజు దాన్ని చదివి అర్థం చెప్పే మనిషి మనలోనే ఉండాలె. అబద్ధపు ఫార్వర్డ్ వస్తే ఆపేది మనమే కావాలె. ఆఫీసరు కాగితం ముందు పెట్టి "ఇక్కడ సంతకం పెట్టు" అంటే, "ముందు ఇందులో ఏముందో మా భాషలో చెప్పు" అనేది కూడా మనమే కావాలె. ఈ రెండూ ఒకే పోరాటం.

టీకా మాకు వద్దని కాదు. మా మాట లేకుండా వద్దు.

మా ఒళ్లు మాది! మా ఊరు మాది! మా సమ్మతి మాది!

జై ఆదివాసీ!